ఆ మాత్ర ఆపమన్నది నేనే

ఇవాళ్టికి నా నోట్లో మిగిలిన సొంత పళ్లు తొమ్మిది. ముప్పై నాలుగేళ్లు భీమవరంలో పళ్ల డాక్టర్ల పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ బ్రష్ ఎలా పట్టుకోవాలో నేర్పినవాడి నోరు ఇది. మా ఆవిడ నన్ను ఎవరికైనా పరిచయం చేస్తూ "పళ్లాసుపత్రిలో చేసేవారండి" అంటుంది. అంటూనే, నేనెక్కడ నవ్వి పరువు తీస్తానోనని మోచేత్తో ఒక పోటు పొడుస్తుంది.

చదువు ఎనిమిదితో ఆగింది. "ఇకిలించడం తప్ప నీకేం చేతకాదురా అప్పారావూ" అన్నారు మా లెక్కల మాస్టారు. ఆయన లెక్క తప్పలేదు. నేను ఇకిలిస్తూనే, ఎదుటివాళ్లని ఇకిలింపజేస్తూనే బతికాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లు కోర్సులు చేసి వస్తున్నారు. ఏ పనిముట్టు పేరేంటో నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పబోయేది పనిముట్ల గురించి కాదు. పన్ను పీకే చోట గుండె ఎలా ఆగబోతుందో ఒకసారి నా కళ్లతో చూశాను. దానికి సగం కారణం నేనే. అది చెప్పాలనే రాస్తున్నాను.

కుర్చీ చేతుల మీద చేతులు

ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజున మా పెద్ద డాక్టరుగారు నాతో, "నోరు నేను చూస్తాను. నువ్వు చేతులు చూడు" అన్నారు. కుర్చీలో పడుకున్న మనిషి నోరు తెరిచి ఉంటుంది కాబట్టి అబద్ధం ఆడలేడు, నిజమూ చెప్పలేడు. చేతులే చెబుతాయి. కుర్చీ చేతుల్ని వేళ్లు తెల్లబడేలా పట్టుకున్నాడంటే లోపల గుండె పరుగెడుతోందని అర్థం.

పంటికీ గుండెకీ ఏం సంబంధమని అడుగుతారు. సూది చూడగానే భయం వేస్తుంది. భయానికి బీపీ పెరుగుతుంది. సూది గుచ్చితే నొప్పికి ఇంకాస్త పెరుగుతుంది. తిమ్మిరెక్కించే మందులో రక్తం ఎక్కువ కారకుండా కలిపేది కూడా గుండెను కాస్త తొందరపెట్టేదే. గట్టి గుండె ఇవన్నీ తట్టుకుంటుంది. అంతకుముందే దెబ్బతిన్న గుండెకు మాత్రం ఆ పావుగంట చిన్న పరీక్ష కాదు. ఆ పరుగు తగ్గించడమే నా అసలు పని. అందుకు నా దగ్గరున్న మందు ఒక్కటే, జోకు. "కంగారుపడకండి, మా డాక్టరుగారు ఇప్పటిదాకా పక్కవాళ్ల పన్ను పీకలేదు" అంటే నవ్వేవారు. వేళ్లు సడలేవి.

పెద్ద డాక్టరుగారు పోయాక వాళ్లమ్మాయి ఆసుపత్రి తీసుకున్నారు. అందరం డాక్టరమ్మ అనేవాళ్లం. ఆవిడ చేసిన మొదటి పని బీపీ మిషను కొనడం. రెండో పని, అది చుట్టకుండా ఎవర్నీ కుర్చీ ఎక్కించొద్దని నాకు చెప్పడం. దాంతో నాకు రోజూ ఒకటే సంభాషణ.

"బీపీ ఉందా అండి?"

"లేదండి."

"మాత్రలేమైనా వాడతారా?"

"ఆయ్. బీపీ మాత్ర."

మన వైపు ఇంకో అలవాటు ఉంది. పన్ను పీకించుకునే రోజు పరగడుపున వస్తారు. అలా రమ్మని ఎవరూ చెప్పరు, పెద్దాపరేషన్ లెక్కలో వాళ్లే వచ్చేస్తారు. బీపీ మాత్రేమో టిఫిను తిన్నాక వేసుకోమని చీటీ మీద ఉంటుంది. టిఫిను లేదు కాబట్టి మాత్ర కూడా లేదు! రోజూ కుదురుగా ఉండే మనిషికి సరిగ్గా మా దగ్గరికి వచ్చిన రోజునే బీపీ ఆకాశంలో ఉంటుంది. డాక్టరమ్మ వాళ్లని ఇడ్లీ తినడానికి పంపేసేవారు. కొందరు గొడవ పడేవారు. "పన్నెక్కడికీ పోదండి, రేపు కూడా అక్కడే ఉంటుంది. మీరుండటం ముఖ్యం" అనేవారు ఆవిడ. ఆ నిక్కచ్చితనం అప్పట్లో నాకు చాదస్తంగా కనబడేది.

మెట్లెక్కితే వచ్చే పంటి నొప్పి

ఒకసారి ఒక బట్టలకొట్టు యజమాని ఎడం దవడ పట్టుకుని వచ్చాడు. చివరి పన్ను పీకేయమంటాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీశారు. పన్ను శుభ్రంగా ఉంది. మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట. మా ఆసుపత్రి మేడ మీద ఉంటుంది. ఆయన మెట్లెక్కి వచ్చేసరికి దవడ పట్టుకుని ఉంటాడు, పావుగంట బల్ల మీద కూర్చునేసరికి మామూలైపోతాడు. రెండోసారి అది గమనించి సరదాకే అడిగాను.

"ఏవండీ, మీ పన్నుకి మా మెట్లంటే పడదా?"

"అదేంటో గానీ అప్పారావు గారూ, మెట్లెక్కినా అంతే, సైకిలు తొక్కినా అంతే. కూర్చుంటే పోతుంది."

ఈ మాట లోపలికెళ్లి చెప్పాను. డాక్టరమ్మ చేతిలో అద్దం పక్కన పెట్టేసి, ఆయన్ని అప్పటికప్పుడు గుండె ఆసుపత్రికి పంపారు. నొప్పి పంటిది కాదు, గుండెది. గుండెకు రక్తం చాలనప్పుడు ఆ బాధ కొందరికి దవడలో తెలుస్తుందట. ఆయనకి సమయానికి వైద్యం అందింది.

ఇక్కడి నుంచే నేను చెడిపోయాను. ఆ బట్టలకొట్టాయన ఊరంతా చెప్పాడు. "డాక్టరమ్మ కంటే ముందు అప్పారావే కనిపెట్టాడు" అని. జనం ఫోను చేసి డాక్టరమ్మని కాకుండా నన్ను అడగడం మొదలుపెట్టారు. నాకు బాగుండేది. ఎనిమిది తప్పినవాడు సగం డాక్టరయ్యాడు మరి. మిగతా సగం ఏంటో నాకు తెలీదన్న సంగతి మర్చిపోయాను.

ఫోను

ఒక బుధవారం ఉదయం ఫోను మోగింది. సుభద్రమ్మ గారు. ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులున్న రాజుగారి భార్య. వాళ్ల కుటుంబం మొత్తం మా దగ్గరికే వచ్చేవారు.

"అప్పారావు గారూ, మా ఆయనకి కుడివైపు కింద పన్ను కదిలిపోయిందండి. వాచింది కూడా. వచ్చే గురువారం చెరువు పట్టుబడి, రొయ్యలు పట్టించాలి. ఈలోగా తీయించేస్తే ఆ గోల ఉండదంటున్నారు."

"మంగళవారం వచ్చేయండమ్మా."

"రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారండి. ఆపాలా?"

పెద్ద డాక్టరుగారి కాలంలో ఈ ప్రశ్నకి ఒకటే జవాబు. ఆపేసి రండి. పాతికేళ్లు అదే చెప్పాను. డాక్టరమ్మ వచ్చాక మాత్రల సంగతి ఎవరడిగినా ఫోను తనకే ఇవ్వమన్నారు. విన్నాను. తలూపాను. కానీ నోరు పాత దారినే పోయింది.

"ఆపేయండమ్మా, ఐదు రోజులు. లేకపోతే రాజుగారి రక్తం మా కుర్చీ అంతా పారి, నేను తుడవలేక చావాలి."

ఆవిడ నవ్వారు. నవ్వి మళ్లీ అడిగారు. "ఖాయమేనా అండి? గుండెకి రాసినవి."

"ఖాయమేనమ్మా."

"ఓసారి డాక్టరమ్మ గారిని అడుగుతారా?"

"ఆవిడా ఇదే చెప్తారు. పాతికేళ్లుగా పీకిస్తున్నాను, నాకు తెలీదా? రాజుగారిని ధైర్యంగా రమ్మనండి, రొయ్యకి తలకాయ తీసినంత తేలిగ్గా తీయిస్తాను."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. డాక్టరమ్మ అప్పుడు పక్క గదిలోనే ఉన్నారు. మధ్యలో ఉన్నది ఒక తలుపు. గుండెకి ఏమైందనీ, ఎప్పుడైందనీ నేను ఒక్క ముక్క అడగలేదు.

మంగళవారం

రాజుగారు పది గంటలకు వచ్చారు. తెల్ల చొక్కా, మెళ్లో కండువా. మెట్లెక్కి ఆయాసపడుతున్నారు. ఆయన ఒళ్లు కాస్త భారీ, అందుకేననుకున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూశాను. పైది నూట డెబ్బై, కిందది వంద. "సూదిని చూసి భయపడ్డారా, మా మొహం చూసి భయపడ్డారా రాజుగారూ?" అన్నాను. నవ్వారు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

డాక్టరమ్మ వచ్చి ఎప్పటిలాగే అడిగారు.

"గుండెకేమైనా ఇబ్బంది ఉందా అండి?"

"స్టెంటు వేశారమ్మా. ఎనిమిది నెలలైంది."

"మాత్రలు మానకుండా వేసుకుంటున్నారు కదా?"

"మీరు ఆపమన్నారు కదమ్మా! ఆపేశాం. ఐదు రోజులన్నారు, ఇంకో రోజు ఎక్కువైతే మంచిదే కదా అని ఆరు రోజులు చేశాం."

డాక్టరమ్మ చేతిలో సూది ఉంది. దానికి మూత పెట్టి ట్రేలో పెట్టారు. తర్వాత నా వైపు తిరిగారు. ఆ చూపు మళ్లీ భరించేకంటే నా తొమ్మిది పళ్లూ మందు లేకుండా పీకించుకుంటాను.

స్టెంటంటే గుండె రక్తనాళంలో పెట్టే సన్నటి గొట్టం. కొత్తలో దాని లోపల రక్తం గడ్డకట్టకుండా కాపాడేవి ఆ మాత్రలే. ఇది ఆ తర్వాత నాకు డాక్టరమ్మ చెప్పిన పాఠం. ఆ నిమిషంలో నాకు తెలిసిందల్లా ఆవిడ పక్క గదిలోకెళ్లి రాజుగారి గుండె డాక్టరుకి ఫోను చేస్తున్నారనీ, ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉందనీ.

నేను రాజుగారి పక్కనే నిలబడ్డాను. అలవాటుగా చేతులు చూశాను. కుడిచెయ్యి కుర్చీని పట్టుకుని ఉంది. ఎడంచెయ్యి లేదు. అది దవడ మీద ఉంది.

"పన్ను కుడివైపు కదండీ రాజుగారూ?"

"అవునయ్యా. ఎందుకో ఈ ఎడంవైపు లాగుతోంది. పొద్దున చెరువు గట్టు మీద నుంచీ ఉంది. నీ మెట్లెక్కాక మరీనూ."

ఏసీ ఆయన మీదకే ఉంది. అయినా నుదుటి మీద చెమట, చొక్కా కాలరు తడిసిపోయింది. మొహం బూడిద రంగులోకి తిరుగుతోంది. బట్టలకొట్టాయన గుర్తుకొచ్చాడు. మెట్లు గుర్తుకొచ్చాయి.

"అమ్మా!" అని ఒక్క అరుపు అరిచాను. ఆసుపత్రిలో నేను అలా అరవడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.

ఆవిడ ఒక్క ఉదుటున వచ్చారు. కుర్చీ నిటారుగా లేపాం. పడుకోబెడితే ఊపిరి ఇంకా బరువవుతుంది. ఆస్ప్రిన్ నమిలించారు. నాలుక కింద మందు పెట్టారు. నేను ఆక్సిజన్ సిలిండరు తెచ్చి తిప్పాను. బయట బల్ల మీద కూర్చున్న సుభద్రమ్మ గారు తలుపు దగ్గరికొచ్చి, "ఏమైందండీ? పన్ను తీసేశారా?" అన్నారు. నేను 108కి ఫోను చేస్తున్నాను.

రైలు గేటు

అంబులెన్సు త్వరగానే వచ్చింది. రాజుగారిని మామూలు కుర్చీలోకి మార్చి, దాంతో సహా మెట్లు దింపాం. నడిపించలేదు. ఒక్క మెట్టు కూడా. డాక్టరమ్మ ముందు సీట్లో కూర్చుని గుండె ఆసుపత్రి వాళ్లతో ఫోనులో మాట్లాడుతున్నారు. నేనూ సుభద్రమ్మ గారూ వెనక.

గేటు పడింది.

ఈ ఊళ్లో పుట్టిన దగ్గర్నుంచీ ఆ గేటు దగ్గర ఆగుతూనే ఉన్నాను. అక్కడ నిలబడి వేరుశనక్కాయలు తిన్నాను, జోకులు చెప్పాను. ఆ రోజు అది ఊరంత పొడుగున్న గూడ్సు. డ్రైవరు హారను కొడుతున్నాడు. ఎవరికి వినబడాలి? రైలుకా? మాస్కు లోపల రాజుగారి ఊపిరి చప్పుడవుతోంది. ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. చల్లగా ఉంది. రొయ్యల ఐసులో పెట్టినట్టుంది.

ఆయన మాస్కు పక్కకి లాగి, "గురువారం పట్టుబడి..." అన్నారు. "లారీ చెప్పేశాను."

"మీరు మాట్లాడకండి" అన్నారు సుభద్రమ్మ గారు. తర్వాత నా వైపు చూశారు. "మీరైనా ఏదో ఒకటి మాట్లాడండి అప్పారావు గారూ. ఎప్పుడూ నవ్విస్తారు కదా. ఏంటి, మీరూ ఊరుకున్నారు?"

నోరు తెరిచాను. ముప్పై ఏళ్లలో నా నోటికి పని లేకుండా పోయింది ఆ గేటు దగ్గరే. ఒక్కొక్క పెట్టె పోతుంటే లెక్కపెట్టాను. ఎంతవరకు లెక్కపెట్టానో గుర్తులేదు. ఆఖరి పెట్టె దాటాక కూడా గేటు లేవడానికి ఇంకో జన్మ పట్టినట్టనిపించింది.

గుండె ఆసుపత్రిలో రాజుగారిని అట్నుంచి అటే లోపలికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు కాగితం మీద రాసుకుంటూ అడిగాడు. "మాత్రలు ఎవరు ఆపమన్నారు?"

"మా ఆసుపత్రి నుంచే చెప్పాం. బాధ్యత నాది" అన్నారు డాక్టరమ్మ.

నేను ఆవిడ వెనకే ఉన్నాను. నోరు విప్పలేదు. ఈ వ్యవహారంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి గానీ, అన్నిటికంటే నాకు సిగ్గేసేది ఆ పది సెకన్లు.

తర్వాత వరండాలో సుభద్రమ్మ గారు ఒక్కరే గోడకానుకుని నిలబడి ఉంటే దగ్గరికెళ్లాను. లోపల ఆయన ఎలా ఉన్నారో ఇంకా ఎవరికీ తెలీదు. బతికాక చెబితే అది చెప్పడం కాదు, తప్పించుకోవడం అనిపించింది.

"అమ్మా, మాత్ర ఆపమన్నది డాక్టరమ్మ కాదండి. నేనే. ఆవిడని అడగలేదు. ఆవిడకి అసలు తెలీదు."

ఆవిడ గోడ వదిలి నా వైపు తిరిగారు.

"నేను మళ్లీ మళ్లీ అడిగానండి" అన్నారు. "మీరు నవ్వించారు. నేనూ నవ్వాను."

తిట్టి ఉంటే బాగుండేది.

గంటన్నర తర్వాత డాక్టరు బయటికొచ్చి, స్టెంటులో గడ్డ కట్టిందనీ, దాన్ని తీసేసి దారి చేశామనీ, ఇంకాసేపు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమనీ అన్నాడు. సుభద్రమ్మ గారు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నేను బయటికెళ్లి సైకిలు స్టాండు వెనక నిలబడి ఏడ్చాను. గురువారం పట్టుబడి రాజుగారి తమ్ముడుగారు చేయించారు.

దూది

డాక్టరమ్మ నన్ను తీసేస్తారనుకున్నాను. మర్నాడు వెళ్లి తాళాలు బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని మళ్లీ నా వైపు తోశారు. "నిన్న దవడ చూసింది ఎవరు?" అన్నారు. "మీరు చూడటం మానొద్దు. చెప్పడం మానండి."

ఇంతకంటే మంచి పైవాళ్లు నాకు దొరకలేదు. పెద్ద డాక్టరుగారు కూడా మంచివారే, కానీ ఆయన ఫోను ఎప్పుడూ ఎత్తేవారు కాదు. డాక్టరుకి బదులు నాలాంటి కాంపౌండరు మాట్లాడే ఆసుపత్రిలో తప్పు ఎవరిదని అడిగితే నేను ఇద్దరిదీ అంటాను. మాట్లాడిన వాడిదీ, మాట్లాడనిచ్చిన వాళ్లదీ.

కొన్ని నెలల తర్వాత, గుండె డాక్టరు రాసిచ్చిన చీటీతో రాజుగారు అదే పన్ను తీయించుకోవడానికి వచ్చారు. ఈసారి ఒక్క మాత్ర కూడా ఆపలేదు. ఇడ్లీ తిని, బీపీ మాత్ర వేసుకుని వచ్చారు. డాక్టరమ్మ పన్ను తీసి రెండు కుట్లు వేశారు. నన్ను దూది గట్టిగా నొక్కి పట్టుకోమన్నారు. రక్తం కాస్త ఎక్కువే వచ్చింది. నొక్కి పట్టుకున్నాను. అరగంట దాటింది. చెయ్యి తిమ్మిరెక్కింది. రక్తం ఆగిపోయింది.

అంతే. పాతికేళ్లు జనం చేత మాత్రలు మాన్పించింది ఈ అరగంట నిలబడలేకనే. మన చెయ్యి నొప్పెట్టకుండా ఉండటానికి వాళ్ల గుండెని పందెం పెట్టాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని రమ్మనండి. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో అది రాసిన డాక్టరుని మీ డాక్టరు అడగాలి. మీరు కాదు. దూది మాత్రం మీరే పట్టుకోండి, ఓపిగ్గా.

రాజుగారు కుర్చీ దిగబోతుంటే భుజం పట్టుకుని ఆపాను. రెండు నిమిషాలు కూర్చోబెట్టాను. బీపీ మాత్రలు వాడేవాళ్లు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. "ఏమయ్యా, ఇవాళ జోకులేం లేవా?" అన్నారు, దూది పళ్ల మధ్య ఉండగానే. "మీ ఆవిడగారు ఉన్నారండి" అన్నాను. ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

కిందటేడు నేను ఉద్యోగం మానేసే రోజున సుభద్రమ్మ గారు మనవరాలి పంటికి క్లిప్పు వేయించడానికి వచ్చారు. డాక్టరమ్మ అందరికీ స్వీట్లు పంచారు. నేను ఊరుకోలేక, "అమ్మా, రేపట్నుంచి మీకు కష్టమేనండి. ఫోను చేస్తే నవ్వించేవాడు ఉండడు" అన్నాను.

ఆవిడ స్వీటు మనవరాలి చేతిలో పెట్టి, కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"ఏం పర్లేదండి అప్పారావు గారూ. ఎత్తినవాళ్లు 'డాక్టరమ్మని అడిగి చెప్తానండి' అంటే చాలు. నవ్వడం మేం ఇంటికెళ్లి మా ఆయనతో కలిసి నవ్వుకుంటాం."